అందరూ ఒకే బండిలోనా?

రంగూన్‌లోని తామ్వే పేటలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఏ ఒక్కటీ ఇంటిల్లిపాదిగా ఒకే బండి ఎక్కకుండా చూడడమే దండాసి గారి జీవితాశయం. మాండలే వెళ్ళాలంటే ఒకరు విమానంలో వెళ్ళాలి, మిగిలినవాళ్ళు రైల్లో వెళ్ళాలి. రైలు పడిపోతే విమానంలో ఉన్న మనిషి మిగులుతుంది. విమానం పడిపోతే రైల్లో ఉన్నవాళ్ళు మిగులుతారు. ఈ సిద్ధాంతంలో తప్పు పట్టడం ఎవరి తరమూ కాలేదు. చిక్కంతా ఆయన దాన్ని వినిపించే వేళలో ఉంది. దేవుడికి దీపం పెట్టి, కుడికాలు గడప దాటించే సమయానికి సరిగ్గా ఎదురొచ్చి, "అందరూ ఒకే బండిలోనా? పడిపోతే మీ ఇంట తద్దినాలెట్టేదెవరు?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవారు.

యాంగోన్‌కు ఇంకా రంగూన్ అనే పేరే ఉన్న రోజులవి. దేశం తలుపులు బిడాయించుకుని పాతికేళ్ళు దాటింది. బయటి సరుకు లోపలికి రాదు కాబట్టి కొత్త సంచి అన్న మాటే లేదు. తాత మోసిన సంచికే మనవడు జిప్పు మార్పించుకుని మోయాలి. దండాసి గారి వృత్తి సరిగ్గా అదే. సంచులకు పట్టీలు కుట్టేవారు, జిప్పులు వేసేవారు, పరుపుచుట్టలకు తోలు పటకాలు బిగించేవారు. అందువల్ల ఎవరింట ప్రయాణం ఉందో ఆయనకు ముందుగానే తెలిసిపోయేది. తెలిసిన తరువాత ఊరుకోవడం ఆయన స్వభావంలో లేదు.

దారాల కొట్టు మంగరాజు ఇంట్లో జరిగింది ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ మాండలేలో పెళ్ళికి బయలుదేరారు. గుమ్మంలో దండాసి గారు ఎదురై తన ప్రశ్న అడిగారు. మంగరాజు తల్లి అపశకునమని వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచింది. ఆయన అక్కడే ఉన్నారు. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ తాగింది. కుండ అడుగంటాక, ఇంక తాగే ఓపిక లేక, ఎవరో ఒకరిని రేపటి విమానంలో పడేసి ఈ మనిషి నోరు ముయ్యించమని కొడుకును బతిమాలుకుంది. ఎవరిని అన్న ప్రశ్న వచ్చింది. దండాసి గారు అందరినీ ఎగాదిగా చూసి, బుల్లి విమానానికి బుల్లి బరువే శ్రేయస్కరమనీ, ఆ లెక్కన కోడలు పిల్లే తగినదనీ తేల్చారు.

జ్ఞానదాసు గారిది బాప్టిస్టు కుటుంబం. వాళ్ళు శకునాలు నమ్మరు. ఆ మాటే ఆయన గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పారు. "నోవహు ఇంటిల్లిపాదీ ఒకే ఓడెక్కేడయ్యా, దండాసీ. ఏటైంది?"

"ఏటీ అవలేదు," అన్నారు దండాసి గారు. "ఆ ఓడ దేవుడు దగ్గరుండి చేయించింది. మన రైలు నడిపించేది ఎవలో తమకి తెలుసును గదా."

సర్కారు మీద మాట ఎవరైనా విన్నారేమోనని జ్ఞానదాసు గారు వీధి అటూ ఇటూ చూసి కిటికీ తలుపు వేసేశారు. విశ్వాసం వేరు, ప్రయాణం వేరు అని ఆయన భార్య సర్దిచెప్పింది. ఈసారి విమానానికి కావలసిన అర్హత పాట. మందిరంలో బాగా పాడే మనిషి ఆకాశంలో ఉంటే పైవాడికి దగ్గరగా వినిపిస్తుందట. ఇంట్లో బాగా పాడేది కోడలు దివ్య.

ఇదంతా చూసిన అదే వీధి అప్పయ్య తెలివైనవాడు కాబట్టి, గొడవ లేకుండా తన తల్లినే విమానంలో పంపుతానని ముందే ప్రకటించాడు. దండాసి గారు ఒక్క క్షణం తెల్లబోయారు. ఆ వెంటనే పెద్దావిడ బొడ్డున వేలాడుతున్న తాళాల గుత్తి వైపు చూపించి, అంత ఇనుము గాల్లోకి ఎక్కడం విమానానికి మంచిది కాదన్నారు. తాళాలు తీసి కోడలి చేతికిస్తే సరిపోతుందని ఎవరో అన్నారు. ఆ మాటతో పెద్దావిడ రైలే ఎక్కుతానని మొండికేసింది. విమానం కోడలి వంతయింది.

ఈ సేవలకు ప్రతిఫలంగా ఊళ్ళో ఆయనకు దక్కిన స్థానం ఒక్కటే: అపశకునాల్లో తుమ్ముకూ పిల్లికీ పైన. బయలుదేరేవాళ్ళు ముందు ఒకరిని పంపించి, ఆయన కొట్లోనే ఉన్నారని రూఢి చేసుకునేవారు. ఆయనకు ఎదురుపడకుండా ఉండడానికి పక్క సందులోంచి, పక్కింటి వంటగదిలోంచి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

మణిమాల ఈ కథలన్నీ విని నవ్వినదే. మాండలే పిల్ల ఆమె. రెండేళ్ళ క్రితం చంద్రరావును చేసుకుని తామ్వే వచ్చింది. ఆ తరువాత తల్లిని మళ్ళీ చూడలేదు. తల్లికి రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఆపరేషన్ రోజున పక్కన ఉండడానికి ఆమెకు కూతురు తప్ప మరో మనిషి లేదు. వర్షాల్లో చేస్తామన్నారు. కానీ ఎనభై ఎనిమిది ఆగస్టులో సర్కారు దిగిపోవాలంటూ ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. విద్యార్థులు, నర్సులు, రేవు కూలీలు, ఆఖరికి ఆఫీసు గుమాస్తాలు కూడా నడిచారు. ఏళ్ళ తరబడి గుసగుసలాడిన ఊరికి తన గొంతు తనకు వినిపించింది. ఆ రోజుల్లోనే రైళ్ళు ఆగాయి, విమానాలు ఆగాయి, ఆసుపత్రిలో తారీఖులూ ఆగాయి. సెప్టెంబరులో సైన్యం అధికారం తీసుకుంది. వీధులు మూగబోయాయి కానీ, విన్న గొంతును ఎవరూ మరిచిపోలేదు. అక్టోబరులో బళ్ళు మెల్లగా కదలసాగాక మాండలే నుంచి వచ్చినవాళ్ళతో కబురందింది: ఆపరేషన్ వచ్చే గురువారం.

మణిమాల అత్తగారు వీరలక్ష్మి వెంటనే నిర్ణయం చేసేసింది. వియ్యపురాలికి కళ్ళొస్తుంటే వెళ్ళకపోతే మాటొస్తుంది. పైగా ఇలాంటి రోజుల్లో ఇల్లంతా ఒకచోట ఉండాలి. అందుచేత తనూ, చంద్రరావూ, అతని తమ్ముళ్ళిద్దరూ, కోడలూ మంగళవారం రైల్లో వెళ్ళాలి. ముఖ్యంగా ఈ సంగతి దండాసి చెవిన పడకూడదు. ఇంతవరకూ అన్నీ కుదిరాయి. ఆదివారం నాడు సర్దిన సంచి ఎత్తబోతే పట్టీ తెగింది.

వీరలక్ష్మి కోడలికి పాఠం చెప్పి పంపింది: ప్రయాణం అనకూడదు, నది అవతలున్న ట్వంటే నుంచి బియ్యం తెచ్చుకోవడానికి అనాలి. మణిమాల ఆ మాట అప్పజెప్పింది. దండాసి గారు సంచి మూతి విప్పి లోపలికి తొంగి చూశారు. అత్తగారు కంగారులో తీయడం మరిచిన ఆవకాయ జాడీ అందులోనే ఉంది.

"ట్వంటే ఎల్లి బియ్యం తేడానికి ఆవకాయ తోడేటమ్మా?" అన్నారు ఆయన. "ఎంతమందేటి?"

"అయిదుగురం," అంది మణిమాల. అబద్ధం ఆయుష్షు అంతే.

మిగిలింది కూడా ఆమె చెప్పేసింది: తల్లి కళ్ళ సంగతి, గురువారం సంగతి. చెప్పి చేతులు జోడించింది. "మీకు పుణ్యం ఉంటాది బాబాయ్. మాకు ఎదురు రాకండి. మా అమ్మ కట్టు విప్పేటప్పటికి నేను పక్కనుండాలి. అంతకన్నా నాకేటీ వద్దు."

దండాసి గారు సూదిలో దారం ఎక్కిస్తూ, రైల్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారని అడిగారు. ఎవరెవరు పడిపోతారని అడగవలసిన మనిషి ఇలా అడగడం ఆమెకు వింతగా తోచింది. అత్తగారికి కిటికీ కావాలి, మరుదులకు ఇంకో కిటికీ కావాలి, చంద్రరావుకు కాళ్ళు చాపుకునే చోటు కావాలి అని వరసగా చెప్పింది. మరి నువ్వో అని ఆయన అడిగారు. "నేను సామాను కాడ ఉంటాను," అంది. తనను తీసుకొచ్చిన పెళ్ళి రైల్లో కూడా ఆమె అక్కడే ఉంది.

"రానులే తల్లీ," అన్నారు ఆయన, పళ్ళతో దారం తెంపుతూ.

సోమవారం పొద్దున్నే చంద్రరావు టికెట్లు కొనడానికి గుమ్మం దిగేసరికి ఆయన వచ్చి నిలబడి ఉన్నారు.

"అయిదుగురూ ఒకే రైల్లోనా?" అన్నారు, చొక్కా గుండీలు సర్దుకుంటూ. "దారిలో అన్ని వంతెనలున్నాయి."

"ఓలమ్మా, మా కొంప మీద పడ్డావేటయ్యా," అంది వీరలక్ష్మి.

"నేనేటన్నానమ్మా. అడిగేను. మీరంతా పోతే, ఆవిడ కట్టు విప్పేక కళ్ళు తెరిసి ఎవల్ని సూస్తాది?"

ఆ మాటకు వీరలక్ష్మి గడప మీదే కూలబడింది. ఆ మాట అన్న తరువాత అయిదుగురినీ ఒకే రైలెక్కించే గుండె దిటవు తామ్వేలో ఏ ఇల్లాలికీ లేదు. ఎవరు విమానంలో వెళ్ళాలో కూడా దండాసి గారే సెలవిచ్చారు. మాండలేలో పుట్టిన మనిషైతే, విమానం దారి తప్పినా పైనుంచి ఊరు ఆనవాలు పడుతుందట. మణిమాల ఆయన వైపు చూసిన చూపుకు పచ్చిగడ్డి భగ్గుమనేది. రానని మాటిచ్చి వచ్చారు. వచ్చి, కళ్ళు తెరవబోయే తన తల్లి మీద అలాంటి మాట వేశారు.

బుధవారం మింగళాడోన్‌లో విమానం ఎక్కేటప్పుడు కూడా ఆ మాట ఆమె చెవుల్లో మోగుతూనే ఉంది. మిగిలిన నలుగురూ ముందురోజే రైల్లో వెళ్ళిపోయారు. ఆమె జీవితంలో మొదటిసారి ఇంట్లోవాళ్ళెవరూ లేకుండా కూర్చుంది. పక్క సీట్లో జ్ఞానదాసు గారి కోడలు దివ్య అప్పటికే చెప్పులు విడిచి, కాళ్ళు మడుచుకుని, కళ్ళు మూసుకుని ఉంది. వాళ్ళింటి ప్రయాణాన్ని దండాసి గారు చీల్చడం ఇది మూడోసారట.

విమానం పైకెక్కి నిలదొక్కుకుంది. ఎయిర్ హోస్టెస్ కాఫీ కప్పులూ కేకు ముక్కలూ ఉన్న పళ్ళెంతో వచ్చింది. మణిమాల చటుక్కున లేచి, ఆ పళ్ళెం రెండు చేతులా అందుకుని, వెనక వరసవాళ్ళకు ఇవ్వబోయింది. ఎయిర్ హోస్టెస్ నవ్వి, పళ్ళెం వెనక్కి తీసుకుని, ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టి, కప్పు చేతికిచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగింది.

ఆ ప్రశ్న తనను ఎవరైనా ఎప్పుడు అడిగారో మణిమాలకు గుర్తు రాలేదు.

దివ్య కళ్ళు తెరవకుండానే అంది: "మొదటిసారి నేనూ అలాగే లేచేను. మంగరాజు గారి కోడలైతే కప్పులు కడగడానికి ఎల్లిందట."

మణిమాల నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. "దివ్యా, మీ అత్తని ఆయన ఎప్పుడైనా ఇమానం ఎక్కించేరా?"

"లేదు. మీ అత్తని?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బరువు, పాట, ఇనుము, పుట్టిన ఊరు. కొలత ప్రతి ఇంటా మారింది. తేలింది మాత్రం ప్రతి ఇంటా కోడలే. సూదిలో దారం ఎక్కిస్తూ ఆయన అడిగిన మాట మణిమాలకు ఇప్పుడు అర్థమైంది. కోడళ్ళకు ఒక్క గంట కూర్చునే చోటు ఇప్పించడానికి, ఆ పెద్దమనిషి ఊరందరి శాపనార్థాలూ నెత్తినేసుకుని తిరుగుతున్నాడు. కిటికీలోంచి కింద ఐరావతి నది సాగిపోతోంది. దాన్ని ఆమె తొందరేమీ లేకుండా చూసింది.

ఆపరేషన్ గురువారమే అయింది. శుక్రవారం కట్టు విప్పినప్పుడు తల్లి కళ్ళు చికిలించి చూసి, చిక్కిపోయావని కూతుర్ని కోప్పడింది. అంటే కనబడుతున్నట్టే. బుధవారమే చేరవలసిన రైలు ఆ సాయంత్రానికి గానీ రాలేదు. తాజీ స్టేషన్ దగ్గర ముందు పట్టాలు బాగాలేవని రెండు రోజులు ఆపేశారు. వీరలక్ష్మి జుట్టు రేగి, చేతిలో కూజాతో దిగింది. మరుదులిద్దరూ అన్నం పొట్లాలు విప్పడం నేర్చుకున్నారు. "ఒలే, పెళ్ళి రైలప్పుడు ఆ స్టేషన్లో కుళాయి ఎక్కడుంటాదో నీకెలా తెలిసిందే?" అని ఆమె కోడలిని అడిగింది. ఆ గొంతులో మణిమాల ఇదివరకు వినని గౌరవమేదో ఉంది.

అసలు ప్రమాదం రంగూన్ తిరిగి వచ్చాక ముంచుకొచ్చింది. రైల్లో ఆగిన రెండు రోజులూ వీరలక్ష్మి ఆలోచించింది. అందరూ రైలెక్కి ఉంటే వియ్యపురాలు దిక్కులేనిదై ఉండేది. కాబట్టి దండాసి అపశకునం కాదు, వాక్శుద్ధి ఉన్న మహానుభావుడు. ఇకమీదట తామ్వేలో ఎవరు బయలుదేరినా ముందు ఆయన ఆశీర్వాదం తీసుకోవాలి. ఈ విషయం ఊరంతా చాటాలని అరటిపళ్ళ అత్తం, శాలువా పట్టుకుని ఆయన కొట్టుకు బయలుదేరింది. మణిమాల వెనకే పరుగెత్తింది. ఆయన మంచివాడని తేలిన రోజున ఆయన మాటకు ఎవరు జడుస్తారు? కాళ్ళకు దణ్ణం పెట్టి, దీవెన పుచ్చుకుని, అత్తలంతా కోడళ్ళను వెంటేసుకుని నిశ్చింతగా రైలెక్కేస్తారు.

శాలువా చూడగానే దండాసి గారు చటుక్కున లేచారు. సూది కింద పడింది. వద్దమ్మా వద్దమ్మా అంటూ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నారు. వీరలక్ష్మి శాలువా మడత విప్పింది.

"అత్తా," అంది మణిమాల. "ఆయన ఎదురొచ్చినందుకే గదా మీ రైలు ఆగిపోయింది."

వీరలక్ష్మి చేతులు గాల్లోనే నిలిచిపోయాయి. శాలువా మళ్ళీ మడత పెట్టింది.

"అంతే మరి," అన్నారు దండాసి గారు చప్పున. "నా నోరు మంచిది కాదమ్మా. చిన్నప్పటి నుంచీ అంతే."

అరటిపళ్ళు కూడా వెనక్కి తిరిగాయి. దండాసి గారు సూది వెతికే నెపంతో బల్ల కిందికి దూరారు. పైకి రాలేదు, బల్ల మాత్రం ఊగుతోంది. మణిమాల పెదవి కొరుక్కుని వీధిలోకి నడిచింది. ఇంటికి చేరేవరకూ ఆయనను తిడుతూనే ఉంది. మంగరాజు ఇంటి ముందు గొంతు పెంచింది, అప్పయ్య ఇంటి ముందు ఇంకొంచెం పెంచింది. అంత శ్రద్ధగా, అంత ప్రేమగా ఆమె మరెవరినీ తిట్టి ఎరగదు.