పాయింట్ నైన్ ఫైవ్ పాపం

నవ్వుకోండప్పా, నాకేం బాధలే. తాను నేర్పిన తప్పుకి తానే ఎర్ర పెన్ను పట్టుకుని సున్నాలు పెట్టిన లెక్చరర్‌ని ఇంకొకణ్ణి చూపించండి చూద్దాం!

పుంగనూరులో ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్తానని మీకు తెలుసు గదా. పోయిన సెమిస్టర్‌లో కొత్త సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఒకటి కొంటిని. దాంట్లో ఇన్వర్స్ నార్మల్ అని ఉండాది. ఏరియా కొట్టి ఈక్వల్ నొక్కితే చాలు, క్రిటికల్ వాల్యూ టక్కున వచ్చేస్తాది. క్రిటికల్ వాల్యూ అంటే ఏం లేదప్పా, ఒక గీత. మన లెక్క ఆ గీత దాటితే ఎదుటోడు చెప్పింది తప్పు. దాటకపోతే, సరేలే అని ఊరుకోవాల. ముందైతే ఆ గీత కోసం బుక్కు వెనకాల టేబుల్స్‌లో అడ్డంగా ఒక వేలు, నిలువుగా ఒక వేలు పెట్టి వెతుక్కునేవాళ్ళం.

కొత్త మిషన్ పొగరు! క్లాసులో చెప్పేస్తిని: "ఫైవ్ పర్సెంట్ తప్పు ఒప్పుకుంటాం అంటే, మిగిలిన పాయింట్ నైన్ ఫైవ్ కొట్టండి. 1.645 వస్తాది. అంతే! ఎగ్జామ్‌లో టేబుల్స్ ఇస్తామన్నా తీసుకోబాకండి, టైమ్ వేస్ట్."

మూడో బెంచీలో నాగవేణి లేచె. కుప్పం పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకుంటా ఉండె. "సార్, ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే అనే లెక్కలో రెండు పక్కలా గీత పడతాది గదా? ఆ అయిదుని రెండుగా పంచి, పాయింట్ నైన్ సెవెన్ ఫైవ్ కొట్టాల గదా సార్?"

ఆ పిల్ల చెప్పిందే కరెక్ట్. అట్ల కొడితే 1.96 వస్తాది. నాకు తెలీదా అంటే, తెలుసు! టేబుల్లో ఆ 1.96ని ఎన్నేళ్ళు చూసింటాను! మిషన్ చేతికి రాగానే బుర్రని దానికి అప్పజెప్పేస్తిని. పైగా అందరి ముందర అడిగిందని రోషం. "ఏమ్మా, మిషన్ కంటే నీకెక్కువ తెలుసా?" అంటిని.

క్లాసంతా నవ్విరి. ఆ పిల్ల కూర్చునె. మళ్ళా ఎప్పుడూ డౌట్ అడగలే.

ఎగ్జామ్స్ అయిపాయె. పేపర్లు దిద్దేదానికి మదనపల్లెకి రమ్మని నాకు ఆర్డర్ వచ్చె. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోతిని. అక్కడ జవాబుల కీ చేతికిచ్చిరి. పది మార్కుల ప్రశ్న: టొమాటో బాక్సు సగటు బరువు పదహైదు కిలోలేనా, కాదా? లెక్క కడితే 1.8 వస్తాది. గీత 1.96. దాటలే కాబట్టి, పదహైదు కిలోలే అనుకోవచ్చు.

1.96 చూడంగానే నేను క్లాసులో కొట్టించిన 1.645 గుర్తొచ్చె.

కట్ట విప్పితిని. మొదటి పేపర్లో 1.645. రెండోదాంట్లో 1.645. మూడు, నాలుగు... అందరూ గీత దాటించేసి, బరువు తప్పు అని తేల్చేసినారు! పేపర్ల మీద పేర్లుండవు, కోడ్ నంబర్లే. అయితే ఏం? "మిషన్ ప్రకారం" అని నా ఊతపదం కూడా రాసి పెట్టినారు పాపం.

చీఫ్ ఎగ్జామినర్ మేడమ్ నా భుజం మీదుగా తొంగి చూసె. "ఇదేందప్పా, ఒకే తప్పు అందరూ! ఎవడో మహానుభావుడు కాలేజీ మొత్తానికి నేర్పినట్టుండాడే?"

"ఎవరో ఏమో మేడమ్," అంటిని. "పోనీ, మార్కులు వేసేద్దామా?"

"యాల వేస్తాం? కట్టిన లెక్కకి నాలుగు వెయ్యండి. మిగతా ఆరూ సున్నా."

నేనే మేడమ్ ఆ మహానుభావుణ్ణి అని చెప్పాల. చెప్పకుండా వేస్తా పోతిని సున్నాలు.

మధ్యాహ్నం ఒక పేపర్ వచ్చె. ఏడుకి నడుమ అడ్డగీత పెట్టే రాత. ఆ రాత నాకు తెలుసు. 1.96 అని రాసి, లెక్కంతా కరెక్ట్‌గా తేల్చి, మొత్తం అడ్డంగా కొట్టేసుండాది. కింద మళ్ళీ మొదట్నుంచీ 1.645తో. అక్కడే టైమ్ పోయినట్టుండాది, చివరి ప్రశ్న సగంలో ఆగిపోయింది. కొట్టేసింది దిద్దకూడదని రూల్. ఆ ఆరు మార్కులకీ నా చేత్తోనే సున్నా పెట్టేస్తిని.

రిజల్ట్స్ వచ్చె. మిగతావాళ్ళు ఎట్లో గట్టెక్కిరి. నాగవేణి నాలుగు మార్కుల్లో పోయె. బెంగళూరులో ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యిండె. అన్నీ పాసయితేనే అంట. అదీ పోయె.

ఆదివారం బస్సెక్కితిని. వి.కోటలో బస్సు మారి కుప్పం చేరేసరికి పన్నెండు. నాగవేణి వాళ్ళమ్మ నన్ను చూసి కుర్చీ తుడిచి వేసె. "అంత దూరం నుంచి మా పాప కోసం వచ్చినారా సార్! దానికి రాత బాగలే, మీరు మాత్రం ఏం చేస్తారు?"

నాగవేణి గోడ పక్కన నిలబడి ఉండె. చెప్పేస్తిని, అంతా. నేర్పింది నేనే, దిద్దింది నేనే అని.

"తప్పని తెలుసు సార్," అనె మెల్లగా. "హాల్లోనే తెలుసు."

"మరి కరెక్ట్‌ది యాల కొట్టేస్తివమ్మా?"

"దిద్దేది మీలాంటి సారే గదా అనుకుంటి."

తల వంచుకుని, "సప్లిమెంటరీకి నేనొచ్చి చెప్తానమ్మా," అంటిని.

"వద్దు సార్. నేనే చదువుకుంటా."

వాళ్ళమ్మకి ఇదంతా సగం అర్థమయ్యింది, సగం కాలే. కాఫీ గ్లాసు చేతికిస్తా, "పోనీండి సార్. మా చిన్నదానికి ఇంటర్ అయిపోయింది. దాన్నయినా మీ చేతుల్లో పెడతాం. మీ కాలేజీలో చేర్చుకోండి," అనె.

ఈ ఏడాది ఒక్కో లెక్చరర్ అయిదుగుర్ని చేర్పించాలని మా ప్రిన్సిపాల్ ఆర్డర్. నా లిస్టులో ఒక్క పేరూ లే. అప్లికేషన్ ఫారాలు బ్యాగులోనే ఉండాయి. నాగవేణి నన్నే చూస్తా ఉండె.

"వద్దమ్మా," అంటిని. "వేరే కాలేజీ చూడండి."

సోమవారం ప్రిన్సిపాల్ పిలిచి అడిగె: "కుప్పం దాకా పోయొచ్చినారంట, ఎన్ని అడ్మిషన్లు సార్?"

"ఒకర్ని కాపాడినా సార్," అంటిని.