పంతొమ్మిదో క్లాసు

నాకు కోపం తొందరగా వస్తుంది. అందులోనూ, తమకు బాగా తెలిసిన సంగతిని ఎదుటివాళ్లకు అర్థం కాకుండా చెప్పేవాళ్లను చూస్తే అస్సలు ఆగలేను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీల్లో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ తిరిగిన ఏళ్లలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అది ఆ కోపంలోంచే పుట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గద్వాలలో ఉండేదాన్ని. మా ఇంటి ఓనరుగారి తమ్ముడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పట్టుకు వేసిన రంగు ఎన్ని ఉతుకులకైనా పోకుండా ఎట్లా నిలబెట్టాలన్నది అతని పరిశోధన. చీరలు నేసే ఊళ్లో పుట్టి, ఇట్లాంటి పని చేస్తూ, ఆ ఊళ్లో ఒక్కరికీ చెప్పకపోవడం ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం గ్రంథాలయంలో ఇరవై మందిని పోగేసి అతన్ని మాట్లాడించాను. ముప్పావుగంట మాట్లాడాడు. అందులో తెలుగు మాటలు 'అయితే', 'కాబట్టి' మాత్రమే. అయిపోయాక ముందు వరసలో కూర్చున్న మగ్గం ఆయన లేచి, మర్యాదగానే అడిగాడు.

"బాగ చెప్పినవ్ సారూ. ఏం చెప్పినవో గది గూడ జర చెప్పు."

అందరూ నవ్వారు. అతని ముఖం మాడిపోయింది గానీ మనిషి మంచివాడు. కాగితాలు పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టి, ఈసారి పది నిమిషాల్లో ముగించాడు. మగ్గం ఆయన విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాడు. రంగు దారం మీద కూర్చుంటే ఉతుకుతో పోతుంది, దారం లోపలికి దూరి పట్టుకుంటే పోదు, ఆ పట్టు దొరికే మందు కోసం ఈ సారు వెతుకుతున్నాడు. "అవును, ఇదే" అన్నాడు కెమిస్ట్రీ అతను. ఆ రెండు మాటలు అంటున్నప్పుడు అతని ముఖం చూసి, ఇది ప్రతి నెలా పెట్టాలని అక్కడికక్కడే అనుకున్నాను.

అట్లా మా ఆదివారాలు మొదలయ్యాయి. నియమం ఒక్కటే. పరిశోధన చేసేవాళ్లు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తమ పని గురించి చెప్పాలి. విన్నవాళ్లలో ఒకరు లేచి దాన్ని తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్లు "అవును, ఇదే" అనేదాకా ఎవరికీ చాయ్ లేదు. లెక్చరర్లకూ డిగ్రీ పిల్లలకూ తిరిగి చెప్పే అవకాశం ఇచ్చేదాన్ని కాదు, వాళ్లు అర్థం కాకున్నా అయినట్టు తలాడిస్తారు. చాయ్ గిన్నె మూత పెట్టుకుని గది మూలన ఉండేది. మొదట్లో నన్ను పిసినారి కింద జమకట్టినవాళ్లు కూడా ఉన్నారు.

వనపర్తికి బదిలీ అయినప్పుడు నా సామానుతో పాటు ఆ గిన్నె కూడా వచ్చింది. అక్కడ లెక్కల్లో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకామె వచ్చింది. లెక్కలు ఎట్లా చెబుతుందిలే, ఈ నెల చాయ్ నేలపాలే అనుకున్నాను. ఆమె సంచిలోంచి ఎడ్లను కట్టే పగ్గం తీసింది. ముడి వేసి, రెండు కొసలూ కలిపి కుట్టేసి, కత్తి పెట్టకుండా ఈ ముడి విడుతుందా విడదా అని అడిగింది. విడే ముడి ఏదో, ఎన్నటికీ విడనిది ఏదో చూడగానే ఎట్లా చెప్పాలన్నదే తన లెక్క అంది. గంట సేపు పెద్దవాళ్లంతా నేల మీద కూర్చుని పగ్గంతో కుస్తీ పట్టారు. చివరికి ఒక గొర్ల కాపరి దాన్ని తిరిగి చెప్పిన తీరుకు ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను బళ్లో ఉన్నప్పుడు లెక్కలంటే ఎంత భయపడ్డానో తలుచుకుని, ఇట్లాంటి మనిషి నాకు దొరకలేదే అని నిజంగా కుళ్లుకున్నాను.

తర్వాత నాగర్‌కర్నూల్. అక్కడికి వెళ్లిన రెండో ఏడాది, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒకతను మా ఇంటికి వచ్చాడు. తెలకపల్లి దిక్కు పల్లె. ముప్పై ఏళ్లుంటాయి. సివిల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ, మట్టి మీద. వాళ్లది తరాల నుంచి మట్టిపని మీద వలసపోయే ఇల్లు. వాళ్ల నాయిన ఎక్కడెక్కడి చెరువు కట్టలకో, డ్యాముల కట్టలకో తట్ట మోసి, దిమ్మిసతో మట్టి కొట్టి, ఇతన్ని చదివించాడు. వచ్చే ఆదివారం మాట్లాడతానని చెప్పి, లేవకుండా అట్లాగే కూర్చున్నాడు. ఇంకేదో ఉందని అర్థమై మంచినీళ్లు ఇచ్చాను.

"మా నాయిన నేను ఫేలయితున్న అనుకుంటుండు మేడం" అన్నాడు.

ఆ మాటకు మొదట నాకు నవ్వొచ్చింది. ఆయన లెక్క విన్నాక ఆగిపోయింది. ఆయనకు తెలిసిన చదువు ఏడాదికో క్లాసు. పది, ఇంటరుతో పన్నెండు, ఇంజనీరింగుతో పదహారు, ఆ పైది రెండేళ్లతో పద్దెనిమిది. ఒక్క ఏడాది తప్పకుండా కొడుకు పద్దెనిమిది క్లాసులు పాసయ్యాడు. పంతొమ్మిదో క్లాసులో మాత్రం ఆరేళ్ల నుంచి ఉన్నాడు. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర "నీ కొడుకు ఇప్పుడు ఏ క్లాసు" అని ఎవరో ఒకరు అడుగుతున్నారని, నాలుగేళ్లుగా ఆయన ఆ హోటల్‌కు పోవడమే మానేశాడట. మొన్న సెలవుల్లో కొడుకును చేను గట్టు మీద కూర్చోబెట్టుకుని, "సిగ్గేం లేదు బిడ్డా. అందరికి అన్ని సదువులు రావు. సాలు, ఇంటికి రా" అన్నాడట.

చెప్పాలని ఎన్నోసార్లు మొదలుపెట్టాడట ఇతను. నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తోందట. వచ్చే నెల థీసిస్ ఇచ్చేస్తున్నాడు. "డాక్టర్ అనిపిచ్చుకొని ఇంటికి పోయినా, నన్ను ఫేలైనోని లెక్కనే సూస్తడు. ఎట్లన్న పాసయిండులే అనుకుంటడు" అన్నాడు. ఆదివారం నాయినను వెంట తెస్తానని, మీటింగు అని మాత్రమే చెప్పి తెస్తానని అన్నాడు.

తెచ్చాడు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలతో చివరి వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే లేచి నియమం చెప్పాను. కొడుకు ముందు బల్ల మీద మూడు ట్రేలలో నల్లమట్టి పెట్టాడు, తడి తక్కువది, సరిపోయినది, ఎక్కువైనది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత కాలేజీ ప్రొజెక్టర్ మీద ప్లాస్టిక్ షీట్లు పెట్టడం మొదలుపెట్టాడు. గీతలు, అంకెలు, బాణం గుర్తులు. నాయిన వైపు చూసినప్పుడల్లా గొంతు తడబడింది, తడబడినప్పుడల్లా ఇంగ్లీషులోకి పారిపోయాడు. అరగంటయ్యేసరికి జనం తలలెత్తి, తిరుగుతున్న ఫ్యాన్లను చూస్తున్నారు.

తిరిగి ఎవరు చెబుతారని అడిగాను. ఎవరూ లేవలేదు. అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత. కొడుకు కష్టం ఆ తండ్రితోనే తీర్చేద్దామని తెలివికి పోయి, "వెనక కూర్చున్న పెద్దాయన చెబుతారు" అన్నాను.

ఆయన లేచాడు. తువ్వాల భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకు తెల్వదు తల్లీ" అన్నాడు. "నేను సదువుకోలె."

నలభై మంది ముందు ఒక మనిషి చేత ఆ మాట అనిపించాను. కొడుకు తల దించుకున్నాడు. ఏం చేయాలో తోచక, నా నియమం నేనే తప్పి, చాయ్ పోయించడం మొదలుపెట్టాను. గ్లాసు ఆయనకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. చెప్పనిదే చాయ్ లేదని మీరే అన్నారు కదా అని నెమ్మదిగా గుర్తుచేశాడు. పని చేయనిదే కూలి ముట్టని మనిషి తీరు అనిపించింది నాకు.

ఊరికే నిలబడలేకనో ఏమో, ఆయన నడుచుకుంటూ ముందుకు వచ్చి బల్ల దగ్గర ఆగాడు. నడిమి ట్రేలోంచి పిడికెడు మట్టి తీసి ఒత్తాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. నడుమెత్తు నుంచి కింద వదిలాడు. ముద్ద పొడిపొడిగా విరిగింది.

"దీనికి నీళ్లు సాలలె" అన్నాడు కొడుకుతో.

కొడుకు మట్టి పట్టుకుని చూశాడు. పొద్దున సరిగ్గా కొలిచి కలిపిందే, ఫ్యాన్ గాలికి ఆరిపోయింది. ఎట్లా తెలిసిందని అడిగాడు నాయినను. ఆయన చెప్పాడు. ముద్ద కావాలి గానీ అరచేతికి తడి అంటకూడదు. కింద పడితే రెండు ముక్కలు కావాలి గానీ పొడి కాకూడదు. అప్పుడే దిమ్మిస దెబ్బకు కట్ట గట్టిపడుతుంది. ఆయన గొంతులో ఇప్పుడు తడబాటు లేదు. కొడుకు వెళ్లి ప్రొజెక్టర్ స్విచ్ ఆపేశాడు.

"గదంత నీకు తెలుసు నాయినా. నేను సదువుతున్నది దాని తర్వాతి సంగతి. కట్ట కట్టి మీరు ఎల్లిపోయినంక దానికి ఏమైతది?"

ఆయన ఆలోచించాడు. "మాకేం ఎరుక? ఒక్కటి అయితె ఇంకోటి. మళ్ల ఆ దిక్కు పోం."

అక్కడి నుంచి కొడుకు చెప్పుకుంటూ పోయాడు, హాలును మర్చిపోయి, ఎదురుగా ఉన్న ఒక్క మనిషికి. నల్లమట్టి వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగులుతుంది. మరుసటి వాన ఆ పగులులోంచే లోపలికి దిగుతుంది. కట్ట పైకి బాగానే కనబడుతుంది, లోపల బలం పోతుంది. యూనివర్సిటీ వెనక ఖాళీ జాగాలో తను నడుమెత్తు కట్టలు నాలుగు కట్టాడు, ఒక్కోదానికి ఒక్కో లెక్క నీళ్లు పెట్టి. ప్రతి ఎండాకాలం పగులు ఎక్కడ మొదలైందో, ఎంత లోతు దిగిందో కొలిచాడు. మట్టిని చూసి పగులు ఎంత లోతు పోతుందో ముందే చెప్పగలిగితే, పైన పగలని మొరం మట్టి ఎంత మందాన కప్పాలో కట్ట కట్టేవాళ్లకు ముందే చెప్పొచ్చు. అదే తన పని అన్నాడు. ఒక్క ఇంగ్లీషు మాట దొర్లలేదు, యూనివర్సిటీ తప్ప. ఇన్నేళ్లలో ఎందరి చేత మాట్లాడించానో గానీ, అంత అందంగా పాఠం చెప్పినవాణ్ని నేను చూడలేదు.

"ఎన్ని ఎండకాలాలు సూసినవ్?" అని అడిగాడు నాయిన.

"ఆరు."

ఆయన కింద విరిగిన మట్టి ఏరి మళ్లీ ట్రేలో వేశాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, మా వైపు తిరిగాడు.

"మేం కట్ట కట్టి పోతం. మేం పోయినంక దాన్ని ఎవ్వడు సూడడు. నా కొడుకు సూస్తుండు. ఒక్క ఎండకాలం సూస్తె తెల్వదది, రెండు సూస్తె తెల్వదు. ఆరేండ్లు దాని కాడ్నే ఉన్నడు." అక్కడ ఆగి, తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఒకటే క్లాసుల ఉన్నడనుకుంటి నేను. ఫేలయ్యిండనుకుంటి."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గ్లాసు మళ్లీ తీసుకెళ్లి ఇచ్చాను. ఈసారి తీసుకున్నాడు గానీ తాగలేదు. కొడుకు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు.

"వాడు ఆ మాట అనలె గద ఇంక" అన్నాడు నాతో.

కొడుకు మట్టి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"అవు నాయినా" అన్నాడు చివరికి. "గిదే."

అప్పుడు తాగాడు ఆయన. చాయ్ చల్లారి మీగడ కట్టింది. నిలబడే గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు పోయమని అడిగాడు.