సినిమా చూడనివాళ్ల కమిటీ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జనవరిలో నన్ను వార్షికోత్సవ పరిశీలన కమిటీ సభ్యుడిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను పామర్రు దగ్గర ఒక మిషన్ యాజమాన్యం నడిపే ఎయిడెడ్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటుని. ఎయిడెడ్ అంటే బడి యాజమాన్యానిది, జీతం ప్రభుత్వానిది. యాజమాన్యం తరఫున బడి వ్యవహారాలు చూసే అధికారిని కరస్పాండెంట్ అంటారు. ఆయన మాట హెడ్మాస్టరు మాటకన్నా పైది. మా కరస్పాండెంట్ రెవరెండ్ ఇమ్మానుయేలు గారు. అందరూ అయ్యగారు అనేవారు. నేను నాస్తికుణ్ణి. రోజూ వాదించడానికి ఒక మనిషి కావాలి గనక ఆయన నన్ను భరిస్తున్నారని స్టాఫ్ రూములో చెప్పుకునేవారు. నేను ఆయన్ని భరించడానికి కారణం కూడా అదే.

కమిటీ ఎందుకు పుట్టిందంటే, అంతకుముందు ఏడాది వార్షికోత్సవంలో ఒక చర్చి సంఘ పెద్ద మనవరాలు సినిమా పాటకు నాట్యం చేసింది. ఆ పెద్దమనిషి ముందు వరసలోనే కూర్చున్నాడు. మనవరాలికి చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్లాక ఫిర్యాదు రాశాడు.

అయ్యగారి దృష్టిలో లోకసంబంధమైన సినిమాలు, సీరియళ్లు కంటి ద్వారా లోపలికి వచ్చే పాపం. దీన్ని నవ్వి కొట్టేయడానికి లేదు. "ఆడపిల్ల వెంటపడి వేధించడమే ప్రేమని మన కుర్రాళ్లకి ఎవరు నేర్పారు మాస్టారూ? నా బైబిలు నేర్పిందా, మీ సైన్సు నేర్పిందా?" అని అడిగారొకసారి. అదే మాట నేను అప్పటికి నాలుగు వ్యాసాల్లో రాసి ఉన్నాను. నేను పద్దెనిమిదో ఏట దేవుణ్ణి, ముప్పయ్యో ఏట సినిమాను వదిలేశాను. థియేటరు ముందు హీరో కటౌటుకు పాలాభిషేకం చేస్తుంటే చూసి, ఒక విగ్రహాన్ని వదిలి ఇంకో విగ్రహం దగ్గరికి వచ్చానా అనిపించింది. ఆ రోజు టిక్కెట్టు చింపేశాను. అయ్యగారు నరకానికి భయపడి, నేను మూఢత్వాన్ని అసహ్యించుకుని, ఇద్దరం ఒకే గుమ్మం ముందు ఆగిపోయాం.

స్టాఫ్ మీటింగులో అయ్యగారు, గత పదేళ్లలో ఒక్క సినిమా కూడా చూడనివాళ్లు చెయ్యెత్తమన్నారు. ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది నాది. తక్కిన పదిహేడుగురూ బల్ల వంక చూశారు. ఆ విధంగా కమిటీ ఏర్పడింది: అయ్యగారు కన్వీనరు, నేను సభ్యుణ్ణి. కళంకం లేనివాళ్లే పరిశీలించాలని ఆయన సిద్ధాంతం. అందులో లోపం నాకూ కనిపించలేదు. పైగా గర్వంగా ఉంది.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. మా బళ్లలో సర్క్యులర్ రిజిస్టరును అటెండరు తరగతి తరగతికీ తిప్పుతాడు. చదివి సంతకం పెట్టాలి. ఇందులో రెండు అంశాలు. ఒకటి, బడి వేదిక మీద సినిమా పాట, సినిమా బాణీ, సినిమా నాట్యం ఉండరాదు. ఉంటే బాధ్యులను తొలగిస్తారు. రెండు, సిబ్బంది ఎవరూ ఇకమీదట సినిమాలు చూడబోమని హామీ ఇవ్వాలి. అందరూ సంతకం పెట్టారు. డ్రిల్లు మాస్టారు సుబ్బారావు తేదీతోపాటు టైము కూడా వేశాడు. ఆ ముందురోజు సాయంత్రం విజయవాడలో ఆయన చూసి వచ్చిన ఆట హామీ కిందికి రాకూడదని.

తొలగించడమనే మాట నిజంగా తగిలేది ఒక్కరికే. ఎయిడెడ్ ఉపాధ్యాయుణ్ణి విద్యాశాఖ అనుమతి లేకుండా కదపలేరు. సువార్త టీచరు గారు అన్‌ఎయిడెడ్. అంటే యాజమాన్యం ఇచ్చిన ఉత్తరం మీద ఉద్యోగం, యాజమాన్యం ఇచ్చే ఇంకో ఉత్తరంతో సరి. హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో వచ్చి పాటలు, కుట్టుపని నేర్పేవారు. ఇంట్లో ఉద్యోగం చేసే మనిషి ఆవిడొక్కరే. వార్షికోత్సవం భారం ఏటా ఆవిడదే. ఆవిడ సర్క్యులర్ రెండుసార్లు చదివి, "మీరిద్దరూ ప్రతి అంశం కిందా సంతకం పెడితేనే పిల్లలకి నేర్పిస్తానండి" అన్నారు. న్యాయమే అనుకున్నాం.

భౌతికశాస్త్రం ల్యాబులో ఏడు అంశాలు పరిశీలించాం. ఒక నాటికలో రోగికి ప్రార్థనతోనే జబ్బు నయమవుతుంది. వైద్యుడు ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. అయ్యగారు ఒప్పుకుని, ఆ వైద్యుడికి లూకా అని, బైబిలు రాసినవారిలో వైద్యుడైన ఆయన పేరు పెట్టించారు. ఆరో అంశం రూతు పాట. బైబిల్లో రూతు అనే పేద విధవరాలు, కోతలయ్యాక పొలంలో మిగిలిన కంకులు ఏరుకుంటుంది. దాన్ని పరిగె ఏరడం అంటారు. మా వైపు ముసలమ్మలు ఇప్పటికీ ఏరతారు. పన్నెండుమంది ఆడపిల్లలు చేటలు పట్టుకుని పాడుతుంటే నా వేళ్లు వాటంతటవే బల్ల మీద తాళం వేశాయి.

బాణీ మన కీర్తనల్లోదిలా లేదే అని అయ్యగారు అనుమానపడ్డారు. "మా జంక్షన్ చర్చిలో యూత్ వాళ్లు క్రిస్మస్‌కి ఆడి పాడారండి అయ్యగారూ. అక్కడే నేర్చుకున్నాను" అన్నారు సువార్త. అది నిజం. ఆవిడ ఇంట్లో టీవీ లేదు. అదే సమయానికి విజిలు కోసం వచ్చిన సుబ్బారావు గుమ్మంలో నిలబడిపోయాడు. పాట ఎలా ఉందని అడిగాను. "నాకేం తెలుసండి. సంతకం పెట్టాను కదండీ" అని వెళ్లిపోయాడు.

లోకసంబంధమైనది ఏదీ లేదని ధ్రువీకరిస్తూ ఇద్దరం సంతకాలు చేశాం.

వార్షికోత్సవం సాయంత్రం నాలుగింటికి మొదలైంది. రూతు పాటకు డప్పు రెండు దెబ్బలు పడగానే వెనక వరసల్లోంచి ఈలలు వచ్చాయి. తల్లిదండ్రులు గొంతు కలిపారు. వాళ్ల మాటలు పిల్లల మాటలతో కలవడం లేదు గానీ బాణీ మాత్రం చక్కగా కలిసింది. "చూశారా మాస్టారూ, మన పాటలు జనంలోకి ఎంతలా వెళ్లాయో" అన్నారు అయ్యగారు. నేనూ తగ్గలేదు. అసలైన జానపదం అంటే ఇదని ముఖ్య అతిథిగా వచ్చిన మండల విద్యాధికారికి వివరించాను. అయ్యగారు లేచి, మళ్లీ ఒకసారి పాడమని తానే సైగ చేశారు.

రెండోసారి పాట అయ్యాక విద్యాధికారి ఆయన వైపు వంగి, "ధైర్యం చేశారండీ అయ్యగారూ. ఈ సినిమా మా ఇంటిల్లిపాదీ మూడుసార్లు చూశాం. మాటలు మార్చారు గానీ స్టెప్పులు మార్చలేదు, అది బాగుంది" అన్నారు.

సోమవారం అయ్యగారు నన్ను విచారణాధికారిగా నియమించారు. విచారణకు అభియోగం, సాక్షులు, ఆధారాలు కావాలి. అభియోగం సిద్ధంగా ఉంది: సువార్త టీచరు సినిమా బాణీ నేర్పారు. సాక్షులను ఒక్కొక్కరినే పిలిచి, ఆ బాణీ గుర్తుపట్టారా అని అడిగాను. తెలుగు పండితులు "ఏ బాణీ అండీ?" అని నన్నే అడిగారు. లెక్కల టీచరు వినడానికి బాగుందని, అంతకుమించి తెలియదని రాసిచ్చారు. సుబ్బారావు నిజాయితీపరుడు. "గుర్తుపట్టానంటే హామీ తప్పానని మెమో ఇస్తారు. లేదంటే అబద్ధమవుతుంది. నాకు గ్రౌండు టైమైందండి" అన్నాడు. విద్యాధికారిని పిలిచే అధికారం మాకు లేదు.

చివరికి సువార్త వచ్చారు. నిలబడే మాట్లాడారు. "సినిమాదో కాదో నాకు తెలీదండి. తెలిసినవాళ్లు చెప్పరు. చెప్పమనేవాళ్లకి తెలీదు. మరి నా ఉద్యోగం ఎవరు తీస్తున్నట్టండీ?"

ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రికార్డు చేశాను. ముప్పయ్యేళ్లు హేతువాద సభల్లో వాదించిన నాకు అంత సూటి వాక్యం ఒక్కటీ తట్టలేదు.

సాక్షులు లేరు, మిగిలిన ఆధారం సినిమా ఒక్కటే, దాన్ని మనమే చూడాలి అని అయ్యగారికి చెప్పాను. మూడో రోజు ఆయన ల్యాబుకు వచ్చి కిటికీలు వేయించారు. సుబ్బారావు తన ఫోను నా బల్ల మీద పెట్టి, అందులో ఏముందో తనకు తెలియదన్నాడు. పాట సరిగ్గా మొదటి దెబ్బ దగ్గర ఆపి ఉంది.

అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఆయన ముగించేదాకా ఆగి మీట నొక్కాను. వరిచేలో హీరోయిన్ చేట పట్టుకుంది. హీరో ఆ చేట లాక్కుని, నీళ్లు చల్లి, గట్టు పొడుగునా వెంటపడ్డాడు. బాణీ అదే. చేట ఎగరేయడం కూడా అదే. అయ్యగారు మధ్యలో ఒక భాగం మళ్లీ వేయమన్నారు. తాళం సరిచూస్తున్నారనుకున్నాను.

"పొలంలో అంతసేపున్నాడు. ఆ అబ్బాయి ఒక్క కంకైనా కొయ్యలేదు మాస్టారూ" అన్నారు.

నివేదిక రాశాను. బాణీ సినిమాదేనని రుజువైంది. ఇక బాధ్యులెవరు? పైవాళ్లు మంజూరు చేసిన పనిని చేసినవాళ్లు బాధ్యులు కారు, మంజూరు చేసినవాళ్లే బాధ్యులు. ఆరో అంశం కింద రెండు సంతకాలున్నాయి. మొదటి ముద్దాయి కన్వీనరు, రెండో ముద్దాయి విచారణాధికారి అని తేల్చాను. విచారణ చేసినవాడే తనను దోషిగా తేల్చుకోవచ్చా అని అయ్యగారు అడిగారు. కూడదనే నిబంధన ఎక్కడా లేదన్నాను. ఆయన నివేదిక కింద "ఆమోదించడమైనది. ఇద్దరినీ మందలించడమైనది" అని రాసి సంతకం చేశారు. మందలింపు అందినట్టు నేను సంతకం చేశాను. ఆయన కూడా చేశారు. సువార్త ఉద్యోగం నిలిచింది. సిబ్బంది హామీ రద్దయినట్టు రెండు వాక్యాల సర్క్యులర్ తిరిగింది. మరుసటి ఏడాది కమిటీలో నా స్థానం సుబ్బారావుకి ఇచ్చారు. ఎనిమిది పాటల్లో ఐదింటిని ఆయన మొదటి చరణం దాటనివ్వలేదు.

అయ్యగారు సినిమాను క్షమించలేదు. మా నివేదిక తర్వాతి ఆదివారం దాని మీదే ప్రసంగించారు. నేను గేటు బయట నిలబడి విన్నాను. గట్టు మీద పనీపాటా లేకుండా తిరిగే ఆ కుర్రాడి గురించి, వాడి చేతిలో చేట చిక్కిన ఆడపిల్ల గురించి చెప్పారు. అంతకుముందు ప్రసంగాల్లో పాపమనే మాట తప్ప మనుషులు ఉండేవారు కాదు. నేను విజయవాడ వెళ్లి, టిక్కెట్టు కొని ఆ సినిమా మొత్తం చూసి వ్యాసం రాశాను. దాన్నీ ఖండించాను. చూసి ఖండించడం నాకదే మొదటిసారి.

ఆ ఉదంతం నాకు రెండు సంగతులు నేర్పింది. ఒక విషయం తెలియకపోవడం, దాని మీద తీర్పు చెప్పడానికి అర్హత కాదు. ఈ తప్పు చర్చిలోనూ చేస్తారు, హేతువాద సంఘంలోనూ చేస్తారు. రెండోది, మనుషుల చేత బలవంతంగా సంతకాలు పెట్టిస్తే చూసేవాళ్లు తగ్గరు, చూసింది చూసినట్టు చెప్పేవాళ్లు తగ్గుతారు. అప్పుడు దెబ్బ తగిలేది అందరికన్నా కింద ఉన్న ఉద్యోగికే.