కప్పు కొట్టి చూసే చెయ్యి

మా బిడ్డ స్కేలు పట్టుకుని తరగతిలో బెంచీ ఎక్కి నిలబడిందని, ఎంత బతిమాలినా దిగడం లేదని టీచరమ్మ ఫోన్ చేసింది. అప్పుడు దానికి ఆరేళ్లు. ఎందుకెక్కావని అడిగితే, పైకప్పు చూడకుండా ఎవరూ కూర్చోవద్దని మా నాన్న చెప్పాడు అందట. స్కేలు కప్పుకు అందదు కదా, అందుకని గోడను కొట్టి, అరచెయ్యి ఆనించి వింటోందట. టీచరమ్మ ఇదంతా కొంచెం నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ విద్య నా దగ్గర నేర్చుకున్నదే. నేను పద్దెనిమిదేళ్లు బొగ్గు బాయిలో పనిచేశాను. మా కొత్తగూడెం వైపు గనిని బాయి అనే అంటాం. లోపలికి దిగినవాడు పనిముట్టు ముట్టుకునే ముందు తలమీది కప్పును కొట్టి చూడాలి. ఇనుప మొన ఉన్న కర్రను కుడిచేత్తో పట్టుకుని, ఎడమ అరచెయ్యి రాతికి ఆనించి కొడతాం. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా పలికినా, చేతికింద రాయి అదిరినా పైపొర విడిపోతున్నట్టు. మాట్లాడకుండా వెనక్కి జరగాలి. మా జట్టులో ఇంకో పద్ధతి ఉండేది. కొట్టి చూసినవాడు మాట చెప్పేదాకా రెండోవాడు ముందుకు రాడు. చెప్పాక ఆ కప్పును మళ్లీ కొట్టి చూడడు. చూశాడంటే చూసినవాణ్ని నమ్మనట్టే. తల్లిని తిట్టినా పడేవాళ్లం గానీ, అది పడేవాళ్లం కాదు.

ఆ రోజు కప్పు చూసింది నేను. నాతో ఉన్నది కల్లూరు వైపు మనిషి. చుట్టరికం ఏమీ లేదు, అయినా తొమ్మిదేళ్లుగా ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం. నేను కొట్టి చూసి, “మంచిగనే ఉంది, కూసో బావా” అన్నాను. బావ కూర్చుని అన్నం డబ్బా మూత తీశాడు. నేను నీళ్ల క్యాన్ కోసం ఇరవై అడుగులు నడిచాను. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే దుమ్ము తప్ప ఏమీ లేదు. నా టోపీ దీపం వెలుగు ఆ దుమ్ములో మూరెడు దూరం కూడా పోలేదు.

ఎగిరివచ్చిన రాయి నా భుజం విరగ్గొట్టింది. బావ శవాన్ని కల్లూరు తీసుకుపోయి సాగనంపిన రోజు నేను దవాఖానాలో కట్టుతో పడి ఉన్నాను. వచ్చినవాళ్లందరూ పెద్ద గండం తప్పిందని అరటిపళ్లు ఇచ్చి పోయారు. ఏ గండం, ఎవరికి తప్పింది? ఎముక అతికాక నన్ను బాయి పైన స్టోర్‌లో డ్యూటీకి వేశారు. అందరూ నేను బాగైపోయాననుకున్నారు.

క్వార్టర్‌కు వచ్చిన మొదటి వారమే గొడుగు చేతికి తీసుకున్నాను. దాని కొనకు ఇనుప మొన ఉంది. అన్నానికి కూర్చునే ముందు వంటింటి కప్పు కొట్టి చూశాను. తర్వాత నడిమింటిది, తర్వాత స్నానాలగదిది. ఒకసారి చాలక మూడుసార్లు, మూడు చాలక మళ్లీ మొదటినుంచి. నా ఖర్మకొద్దీ అది పాత క్వార్టర్. స్లాబుకు పూసిన సిమెంటు అక్కడక్కడా పట్టు వదిలి నిజంగానే డొల్లగా పలికేది. మేస్త్రీని పిలిచి చూపిస్తే పెచ్చు లేచిందంతే, స్లాబు ఏనుగులాగా ఉందన్నాడు. నువ్వెన్ని కప్పులు చూశావురా అని వాడిమీదికి లేచాను. వాడు ఇళ్ల కప్పులు చూసినవాడు, నేను కొండ కడుపులో రాయిని చూసినవాణ్ని. ఆ రెండూ ఒకటి కాదన్న ఇంగితం నాకు అప్పుడు లేదు.

మొదట్లో ఇంట్లో నవ్వుకున్నారు. మా బావమరిది వానలో తడుస్తూ వస్తే, నేను కప్పు చూసేదాకా గడప బయటే నిలబెట్టాను. ఇంటికొచ్చిన చుట్టానికి ఇంత మర్యాద ఎక్కడా చూడలేదని మా ఆవిడ వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పి నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. అన్నం చల్లారిపోయేది. బిడ్డ కంచం ముందు చేతులు కట్టుకుని నా మాట కోసం ఎదురుచూసేది. నేను చెప్పేదాకా ముద్ద ఎత్తేది కాదు.

బడినుంచి ఫోన్ వచ్చిన మర్నాడు మా ఆవిడ సంచి సర్దింది. గొడవపడలేదు. జూలూరుపాడులో వాళ్ల నాన్నకు మిర్చి చేను ఉంది, బిడ్డను అక్కడి బడిలో వేస్తానంది.

“నీ భయం నువ్వు పడుతున్నవ్, నేను చూస్తున్న. కానీ అది బిడ్డకు అంటుకున్నది. నువ్వు బాగైతే వస్తం. లేకుంటే రాం.”

ఆ మాటలో బెదిరింపు లేదు. ఉంటే ఎదురు తిరిగేవాణ్ని.

మా అమ్మ నన్ను భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక ఊరికి తీసుకుపోయింది. అక్కడ ఒక పెద్దాయన మంత్రించిన దారం కట్టేవాడు. ఆయన కట్టే ముందు నా మొహంలోకి చాలాసేపు చూసి, “ఎవలు పోయిండ్రు?” అని అడిగాడు. అప్పటిదాకా ఏ డాక్టరూ అడగని ప్రశ్న అది. నేను చెయ్యి చాచాను. దారం కట్టించుకుని వచ్చాను, ఇంటికి రాగానే గొడుగు తీశాను.

చివరికి దవాఖానాలో డాక్టరు నిద్రమాత్రలతో పాటు ఖమ్మంలో ఒక సైకాలజిస్టు దగ్గరికి చీటీ రాశాడు. సూది లేదు, మందు లేదు, మాట్లాడటమే వైద్యమట. మాటలతోనే రోగాలు పోయేటట్టయితే మా అత్త పేరున ఈపాటికి పెద్దాసుపత్రి కట్టేవాళ్లు. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటారు. నా విషయంలో అది అక్షరాలా నిజం, గొడుగు లేకుండా గడప దాటలేకపోతున్నాను. అయినా పోయాను. జూలూరుపాడులో ఇద్దరు మనుషులున్నారు కాబట్టి పోయాను.

ఆ సైకాలజిస్టమ్మది వైరా వైపు మాట, ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఆమె గది పైన ఇంకా రెండంతస్తులున్నాయి. నేను లోపలికి పోలేదు. ఆమె రెండు కుర్చీలు బయట సైకిళ్ల షెడ్డు పక్కన, ఆకాశం కింద వేయించింది. అది నచ్చింది. తర్వాత చేసింది నచ్చలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తూ, ఇష్టమైన చోటు ఏదైనా తలచుకోమంది. కళ్లు మూస్తే నాకు ఉన్నది ఒకటే చోటు. చీకటి, దుమ్ము, అన్నం డబ్బా మూత. కుర్చీ తన్నేసి లేచి, చదువుకున్నోళ్లకు బాయి అంటే ఏం తెలుస్తదని అరిచి, దొరికిన బస్సెక్కాను.

ఖమ్మం నుంచి మా ఊరికి వచ్చే బస్సు జూలూరుపాడు మీదుగానే పోతుంది. స్టాండులో బస్సు ఆగింది. దిగితే అయిదు నిమిషాల నడక. దిగి ఏం చెప్పాలి? తలవంచుకుని కూర్చున్నాను. బస్సు కదిలింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను, పక్కన కూర్చున్న ముసలమ్మ తన చెంగు చివర ఇచ్చింది.

మరుసటి గురువారం మళ్లీ పోయాను. నన్ను చూడగానే ఆమె, “పోయినసారి తప్పు నాదే అన్నా. చీకట్లో పనిచేసే మనిషిని కళ్లు మూసుకోమన్నాను. కళ్లు తెరిచే చేద్దాం” అంది. తెల్లకోటు మనుషుల నోట తప్పు నాది అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ రోజే ఆమెను నమ్మాను. నమ్మకం నాకు అలాగే కుదురుతుంది, ఎవరైనా ముందు తమ తప్పు చూపిస్తే.

ఆమె నా చేత కప్పు చూడటం నేర్పించుకుంది. నేను బల్లను కొట్టాను, బీరువాను కొట్టాను, గోడను కొట్టాను. చెయ్యి ఎక్కడ ఆనించాలో, ఏ చప్పుడుకు ఏం అర్థమో చెప్పాను. ఆమె బుద్ధిగా విని, తనూ కొట్టి చూసి, ఇది డొల్లా అన్నా అని అడిగేది. ఆ పాఠం నడుస్తుండగానే ఎప్పుడో గది లోపలికి వచ్చి కూర్చున్నానని నాకు తర్వాతగానీ తెలియలేదు.

తర్వాత అసలు పని మొదలైంది. ఆ రోజు జరిగింది మొదటినుంచి చివరిదాకా, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. దాన్ని నా ఫోన్‌లోనే రికార్డు చేయించి రోజూ ఒకసారి వినమంది. పుండుమీద కారం చల్లడం కూడా ఒక వైద్యమా అని తిట్టుకున్నాను, ఆమె ముందరే. పుండు మూత కింద కుళ్లుతోంది, తెరిచి కడుగుతున్నాం, మంట నిజమే అంది. భయం ఎంత ఉందో పదికి ఒక అంకె చెప్పమనేది. నేను ప్రతిసారీ పది అనేవాణ్ని. పదకొండు లేదు కాబట్టి.

ఎన్నో వారమో గుర్తులేదు, మిరపకాయలు ఎండబెట్టే రోజులు. నేను అలవాటుగా, కొట్టిన, మంచిగనే ఉందన్న, బావ కూసున్నడు అని పరుగెత్తిపోతుంటే ఆమె ఆపింది.

“అక్కడ ఆగండన్నా. కొట్టినప్పుడు ఏం వినపడింది?”

అన్ని నెలలుగా నాకు నేను చెప్పుకున్నది, ఆ రోజు సరిగా వినలేదని, ఆకలిమీద తొందరపడ్డానని. నా ఎడమ అరచెయ్యి బల్లమీద ఉంది. అది నాకన్నా ముందు గుర్తుతెచ్చుకుంది.

“ఖంగుమన్నది మేడం. మూడుసార్లు కొట్టిన. మూడుసార్లు ఖంగుమన్నది.”

నేను తప్పు చేయలేదని తెలిస్తే గుండె బరువు దిగుతుందని అందరూ అనుకుంటారు. నాకు దిగలేదు. ఒళ్లంతా మండిపోయింది. తప్పు నాదైతే ఒక దారి ఉంది: ఇంకా బాగా చూడాలి, ఇంకా ఎక్కువసార్లు కొట్టాలి, నా మనుషులు బతుకుతారు. ఖంగుమన్న కప్పు కూడా కూలేటట్టయితే ఇంక ఈ గొడుగెందుకు? నా పెళ్లాం బిడ్డల్ని నేను దేనితో కాపాడుకోవాలి? అదే అడిగాను, అరిచినట్టే అడిగాను. ఆమె ఓదార్చలేదు. మోగిన కప్పు కూడా ఒక్కోసారి కూలుతుంది, అది తెలిసే ఇంట్లో కూర్చుని అన్నం తినాలి, మనం నేర్చుకునేది అదే అంది. అంత కష్టమైన పని బాయిలో కూడా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆరోజు మొదటిసారి బావ కోసం ఏడ్చాను. అంతకుముందు ఏడ్చిందంతా నాకోసమే.

మూడుసార్లు కొట్టేది ఒక్కసారికి తగ్గించాను. కొట్టాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగాను, తర్వాత గంట. ఆగినప్పుడు చెమటలు పట్టేవి, అంకె తొమ్మిదికి ఎక్కేది. ఏమీ చేయకుండా కూర్చుంటే దానంతటదే ఆరుకు, నాలుగుకు దిగేది. దిగుతుందని చెబితే నమ్మేవాణ్ని కాదు, కూర్చుని చూశాను కాబట్టి నమ్మాను. ఒకసారి పూనకం వచ్చినట్టు ఇల్లంతా కొట్టి గొడుగు మొన వంకర చేశాను కూడా. గురువారం పోయి ఒప్పుకున్నాను. సరే, మళ్లీ మొదలుపెడదాం అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ బిడ్డను తీసుకుని వచ్చింది. ఉండటానికి రాలేదు, చూసిపోతామంది. బట్టల సంచి గడప బయట అరుగుమీదే పెట్టింది. నేను పప్పు, దోసకాయ పచ్చడి చేసి ఉంచాను. గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసింది. నేను దాని జోలికి పోలేదు. నా అంకె ఎనిమిది.

బిడ్డ గడపలోనే ఆగిపోయింది. నన్ను చూసింది, గొడుగును చూసింది. నేను కదలకపోయేసరికి తనే పోయి గొడుగు తీసుకుంది. మునివేళ్లమీద లేచినా కప్పు అందలేదు. తలుపు చట్రాన్ని టకటకా కొట్టి, చిన్న అరచెయ్యి ఆనించి, కళ్లు చిట్లించి వింది. వాళ్లమ్మ ఆపబోతే నేను వద్దని సైగ చేశాను.

“మంచిగనే ఉంది, కూసో నాన్నా.”

అవి నా మాటలే. బాయిలో చివరిసారి అవి విన్న మనిషి ఆరోజు పైకి కూడా చూడలేదు. రాయి సంగతి బావకేం తెలుసు? నేను చెప్పానని కూర్చున్నాడు. నామీద అంత నమ్మకం పెట్టుకుని కూర్చున్న మనిషిని ఇన్నాళ్లూ నేను మోసం చేసిన మనిషిగా తలచుకున్నాను.

ఒకరు చూసిన కప్పు ఇంకొకరు చూడకూడదు. పైకి చూడకుండా కంచం ముందు కూర్చున్నాను.

“నువ్వు మళ్ల చూడవా?” అంది బిడ్డ.

“నువ్వు చూసినవ్ గద. కానీ ఇగ నువ్వు గూడ చూడకు.”

“కూలితే?”

“తెల్వదు బిడ్డా. రా, అన్నం తిందాం.”

అది గొడుగు తలుపు వెనక తగిలించి వచ్చి నా తొడకు ఆనుకుని కూర్చుంది. నేను కలిపి దానికి ముద్ద పెట్టాను. మా ఆవిడ ఇద్దరినీ చూస్తూ కొంచెంసేపు నిలబడి, బయటికి పోయి అరుగుమీది సంచి లోపలికి తెచ్చుకుంది.