పాప బిగుసుకుపోయిన మూడు నిమిషాలు

పుట్టిన మూడో రోజే ఒళ్లంతా పచ్చబడి, ఆ కామెర్లు మెదడుదాకా పాకి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే పిల్లలకు, కండరాలను వదులు చేసే మందు ఎంతవరకు పనిచేస్తుందో ఒక డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి ఫోన్‌లో వీడియోలు తీయడం నా పని. మీర్‌పేటలో పెరిగినవాణ్ని, ఫోన్ కింద పెట్టనివాణ్ని. ఈ ఉద్యోగం నాకోసమే పుట్టిందనుకున్నాను.

ఇబ్రహీంపట్నంలో నాలుగేళ్ల పాప వీడియోను డాక్టరమ్మ తిప్పి పంపింది. ఒంట్లో బిగుతు అంతగా లేదట, మందు ఇవ్వడం కుదరదట. మళ్లీ తీయడానికి వెళ్లాను. కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మధ్య మిగిలిన రేకుల ఇల్లు. వాళ్లమ్మ పాపకు నూనె మర్దన చేసి, వేడినీళ్లు పోసి, కొత్త గౌను తొడిగి ఒళ్లో పడుకోబెట్టుకుంది. పాప ఒళ్లు సడలి మెత్తగా ఉంది. నాకు మండింది.

“గిదంతా ఎవరు చెయ్యమన్నరక్కా? మొన్న గూడ గిట్లనే చేసినవా?”

“అవ్ తమ్మీ. పెద్ద డాక్టరమ్మ చూస్తదంటివి గదా. మంచిగ కనవడొద్దా నా బిడ్డ?”

“పెండ్లిచూపులా? బిగుసుకుంటేనే మందిస్తరు!”

“గా ముచ్చట ముందుగాల చెప్పకపోతివి.”

నిజమే, చెప్పలేదు.

పాపను చాప మీద వదిలి బయటికి వెళ్లమన్నాను. చప్పుడుతో ఉలిక్కిపడేలా చేద్దామంటే, కామెర్లు దాని చెవులను కూడా తీసుకుపోయాయి. అమ్మ కనబడకపోతేనే ఏడుస్తుంది. ముందు కళ్లు తలుపు వైపు తిరిగాయి. తర్వాత మెడ వెనక్కి వంగింది, నడుము విల్లులా లేచింది, చేతులు మెలితిరిగాయి. మూడు నిమిషాలు తీయాలి, ముట్టుకోకూడదు. తీశాను. కాళ్లు ఫ్రేమ్‌లోకి రావడంలేదని ఒకడుగు వెనక్కి కూడా వేశాను.

తలుపు అవతలి నుంచి ఒకటే మాట: “అయిందా తమ్మీ? అయిందా?”

లోపలికొచ్చి బిడ్డను ఎత్తుకుని అదుముకుంది. పాప ఒళ్లు వదులు కావడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు “చూపియ్” అంది. బిడ్డ బిగుసుకున్నప్పుడల్లా పట్టుకునే ఉండేది కాబట్టి, దూరం నుంచి ఎన్నడూ చూసి ఉండదు. సగంలోనే స్క్రీన్ మీద అరచేయి పెట్టింది.

“ఒక చేతిల ఫోనుండె. ఇంకో చెయ్యి ఏం చేస్తుండె?”

ముట్టుకోవద్దని రాసున్న కాగితం నా సంచిలోనే ఉంది. బయటికి తీయలేకపోయాను.

వారానికి, పాపను పరిశోధనలోకి తీసుకున్నారని, మందు ఇస్తారని చెప్పడానికి ఫోన్ చేశాను.

“మంచిది,” అంది. “మందు ఇచ్చెటందుకు వేరేటోళ్లను పంపుమను.”