మావయ్య నంది, నా స్క్రూడ్రైవరు

ఫోను పోగొట్టుకున్నవాళ్లుంటారు, చెప్పులు పోగొట్టుకున్నవాళ్లుంటారు. నడుమెత్తు రాతి నందిని, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పోగొట్టినవాణ్ణి మాత్రం పల్నాడు మొత్తం మీద నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, కానీ మా మావయ్యకు వినపడేటట్టు నవ్వకండి.

నాకో డీజిలు పికప్పు బండి ఉంది. గురజాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిర్చి, పత్తి తోలుతుంటాను. ఆ మధ్య దానికో జబ్బు పట్టుకుంది. ఒకోసారి తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టయ్యేది. ఒకోసారి ఎంత తిప్పినా అలిగిన పెళ్లికొడుకులా "టక్" అని ఊరుకునేది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు కదా అంటారా? ఫోనులో అన్ని రిపేరు వీడియోలు చూసినవాణ్ణి, నేను మెకానిక్ గడప తొక్కడమా! ముందు బ్యాటరీ మార్చాను. స్టార్టయింది.

"చూశావా, బ్యాటరీయే!" అన్నాను మా ఆవిడతో.

కొన్నాళ్లకు మళ్లీ టక్. డీజిలు ఫిల్టరు మార్చాను. స్టార్టయింది. "ఫిల్టరే!" అన్నాను.

"మరి మొన్న బ్యాటరీ అన్నావుగా?" అంది.

ఈమెకు ఇంజన్ల సంగతేం తెలుసులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను సామాన్లన్నీ విప్పి బిగించేలోపు వేడెక్కిన ఇంజను చల్లబడుతోందనీ, చల్లబడితేనే స్టార్టవుతోందనీ నా బుర్రకు తట్టనే లేదు.

అంతలో మా మావయ్య, అంటే పిల్లనిచ్చిన మామగారు, వాళ్ల ఊరి శివాలయానికి మొక్కుకున్న నంది దుర్గిలో శిల్పి దగ్గర తయారైంది. ప్రతిష్ఠకు ముహూర్తం దగ్గర పడింది.

"ట్రాక్టరు మాట్లాడతాలే అల్లుడూ. నీ బండి మొరాయిస్తదంట గదా" అన్నాడాయన.

"ఎవురన్నారు మావయ్యా? నేనే బాగుచేశా. గుర్రంలా పరిగెత్తుద్ది!"

దుర్గిలో బండి నిజంగా గుర్రంలానే స్టార్టయింది. నందికి పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసి బయల్దేరాం. దారిలో ఒక ఊళ్లో మావయ్యకు టీ తాగాలనిపించింది. రోడ్డు వాలుగా ఉంది, నా హ్యాండ్‌బ్రేకు మీద నాకు నమ్మకం లేదు. అందుకని ఫస్టు గేరులో పెట్టి ఆపాను. ఈ ముక్క మీరు గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

టీ తాగొచ్చి కూర్చున్నాం. తాళం తిప్పాను. టక్.

"ఏందల్లుడూ?"

"ఏం లేదు మావయ్యా."

టక్.

"ఏం లేకపోతే ఆ చప్పుడేంది?"

నందిని చూడ్డానికి అప్పటికే జనం మూగారు. జనం ముందు ఓడిపోవడం నాకు చేతకాదు. తాళం ఆన్‌లోనే ఉంచి దిగాను. బానెట్ ఎత్తి, పక్కన నిలబడి, వీడియోలో చూసినట్టే పొడుగాటి స్క్రూడ్రైవరును స్టార్టరు మోటారు మీది రెండు బోల్టులకూ కలిపి ఆనించాను. నిప్పురవ్వలు లేచాయి. ఇంజను బుర్రుమంది. జనం చప్పట్లు కొట్టారు. నేను వాళ్ల వైపు తిరిగి దణ్ణం పెట్టేలోపు బండి నన్ను దాటి వెళ్లిపోయింది.

లోపల మావయ్య ఒక్కడే. ఎదురుగా బానెట్ లేచి ఉంది, రోడ్డు కనపడదు.

"బ్రేకు తొక్కు మావయ్యా!" పక్కన పరిగెడుతూ అరిచాను.

"అదేడుందిరా?" అన్నాడు. పెళ్లయ్యాక నన్ను 'రా' అనడం అదే మొదటిసారి.

"నా సీటు ముందు, కాళ్ల దగ్గర! అటు!"

ఆయన కంగారులో హారన్ నొక్కాడు. నొక్కినవాడు వదల్లేదు. బండి హారన్ మోగించుకుంటూ, దేవుడి ఊరేగింపులా నిదానంగా రోడ్డు దిగి, కోళ్లను చెదరగొట్టి, ఆరబోసిన మిరపకాయల మీదుగా సాగి, నల్లమట్టిలో కూరుకుపోయి, ఇంజను కూడా ఆరిపోయి ఆగింది. ఎక్కడ ఆగిందనుకున్నారు? ఆ ఊరి శివాలయం వాకిట్లో. సరిగ్గా శివుడికి ఎదురుగా. పైగా ఆ గుడికి నంది లేదు.

ఒక ముసలామె చేతులు జోడించింది. "డ్రైవరు లేకుండా వచ్చాడయ్యా సామి! తన చోటు తనే ఎతుక్కున్నాడు!"

కొబ్బరికాయలు ఎక్కణ్ణుంచి వచ్చాయో గానీ పగిలిపోతున్నాయి. పరువు పక్కన పెట్టి నిజం చెప్పేశాను. "కాదు పెద్దమ్మా! గేరులో ఉండగా స్క్రూడ్రైవరు పెట్టింది నేనే!"

"చానా చెప్పొచ్చావులే. గేరులో పెట్టిన బండ్లన్నీ గుడికే వస్తన్నాయా?" అంది ఆమె.

ఊరి పెద్దమనిషి ఒకాయన తీర్పు చెప్పాడు. "అట్టయితే మళ్లీ చేసి చూపియ్. కదిలితే తీసకపో."

చేశాను. టక్. మళ్లీ చేశాను. ఈసారి నిప్పురవ్వ కూడా రాలేదు. మావయ్య కిందికి దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నన్ను ఒక చూపు చూశాడు. అంత చూపు నా పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు.

సాయంత్రానికి ఆ ఊరివాళ్లు నందిని దించుకున్నారు. దించిన వెంటనే ఊరికే తాళం తిప్పాను. బండి ఠక్కున స్టార్టయి మట్టిలోంచి బయటికొచ్చింది. ఇంజను చల్లబడి ఎంతసేపయిందో ఎవరికి కావాలి?

"చూశారా! సామి దిగాకనే కదిలింది!" అని ఊరు ఊరంతా కేకలు.

మావయ్య శిల్పి దగ్గర సిద్ధంగా ఉన్న చిన్న నందిని ట్రాక్టరు మీద తెచ్చుకుని ముహూర్తం దక్కించుకున్నాడు. నన్ను ఆ ట్రాక్టరు దరిదాపులకు రానివ్వలేదు. చివరికి గురజాలలో మెకానిక్ గడప తొక్కాను. స్టార్టరులో అరిగిపోయిన కార్బన్ ముక్కలు మార్చాక జబ్బు పోయింది.

ఆ నందికి మాత్రం ఇప్పుడు పెద్ద పేరు. కొత్త బండి కొన్నవాళ్లూ, స్టార్టుకాని పాత బండిని తోసుకొచ్చేవాళ్లూ అక్కడికే. నేను అటు వెళితే పూజారి "సామిని తోలుకొచ్చిన పుణ్యాత్ముడు" అంటూ పులిహోర ముందు నాకే పెడతాడు. నిజం చెబుదామని నోరు తెరుస్తాను. తెరిచిన నోట్లో పులిహోర పడుతుంది.

అందుకే ఆ నంది ముందే నిలబడి, చెవులు పట్టుకుని ప్రమాణం చేశాను. న్యూట్రల్‌లో ఉందో లేదో చూడకుండా ఈ జన్మలో స్టార్టరు ముట్టను. ఒకవేళ ముట్టినా, దేవుణ్ణీ మావయ్యనూ ఒకే బండిలో ఎక్కించుకుని మాత్రం ముట్టను.