కొత్త క్లబ్బు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగమూ, డ్రైవింగ్ లైసెన్సూ ఒకేసారి వచ్చాయి. దాంతో నాకు చేతకాని పని లోకంలో లేదనుకునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే మా పెదనాన్న కూతురికి, అంటే అక్కకి, పెళ్లి కుదిరింది. పెదనాన్నది గనిలో ఉద్యోగం కనక పెళ్లి మేముండే జంషెడ్‌పూర్‌లో కాదు, కొండల మధ్య ఉన్న ఆ గని ఊళ్లో, కొత్త క్లబ్బులో. జంషెడ్‌పూర్‌లోని మా కాసిడీహ్ పేట నుంచి పాస్టరు అయ్యగారిని కారులో తీసుకెళ్లే బాధ్యత నాది. "దారి తెలుసేటిరా?" అంది అక్క ఫోన్లో. "అంత చిన్న ఊళ్లో క్లబ్బు దొరకదేటి?" అన్నాను దర్జాగా.

ఊళ్లోకి దిగేసరికి సిగ్నల్ పోయింది. మలుపులో కుర్రాళ్లను "నయా క్లబ్ కిధర్ హై?" అని కొత్త క్లబ్బు దారి అడిగితే, తళతళలాడే అద్దాల భవనం చూపించారు. గుమ్మానికి బంతిపూలు, బయట షామియానా. ఇంకేం కావాలి? కారు ఆపీ ఆపకముందే ఎవరో అయ్యగారి మెడలో దండ వేసి, తిన్నగా వేదిక మీద కూర్చోబెట్టారు. తీరా చూస్తే అది ఒక అధికారి పదవీ విరమణ సభ! అయ్యగారు మహా మొహమాటస్థులు (వద్దనడం కూడా పాపమే అనుకునే రకం). చేతికి మైకు ఇస్తే ఆ అధికారిని నిండు మనసుతో దీవించేశారు. తర్వాత నా వైపు తిరిగి, పెళ్లికూతురేదని సైగలు.

నేను బయటికి పరిగెత్తాను. టీకొట్టు మామ్మ మన తెలుగావిడే, నా గోడు విని ఒకటే నవ్వు. "ఇది ఆఫీసర్ల క్లబ్బు బాబూ, మొన్న కట్టేరు. కొత్త క్లబ్బంటే ఆ కొండ కింద పాత బిల్డింగు."

"పాతదాన్ని కొత్తదంటారేటి మామ్మా?"

"దొరలు కట్టిన్నాడు కొత్తదే కదేటి! మాయత్త అలాగే అనీది, మేవూ అలాగే అంటన్నాం. కొత్తాసుపత్రికెళ్లి చూడు, దానికి కప్పే నేదు."

అయ్యగారిని వేదిక మీంచి ఇంచుమించు ఎత్తుకొచ్చి కారులో పడేశాను. కొండ కిందికి దిగితే అదిగో అసలు కొత్త క్లబ్బు: రాతి తోరణాలు, ఎర్ర పెంకులు, దూలాల్లో పిచ్చుకలు. ఆ వరండాలో తెల్లచీరలో అక్క నిలబడి ఉంది. "ఏటిరా, అయ్యగార్ని తెమ్మంటే గనిలోకి దిగిపోయేవేటి?" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెళ్లికొడుకు వాళ్లు అప్పటికే గొణుగుతున్నారట. అయ్యగారే ముందుకొచ్చి, "తప్పు నాదేనమ్మా, దారిలో ఒక పెద్దమనిషిని రిటైరు చేసి వస్తున్నాను" అన్నారు, మెళ్లో దండతోనే. అక్క పకపకా నవ్వింది. ప్రమాణాలు చెప్పేటప్పుడూ ఆ నవ్వు ఆగలేదు.

ఇప్పుడు అయ్యగారు లేరు. అక్క ఇంటికెళ్లినప్పుడు ఆల్బం తిరగేస్తుంటాను. తోరణం పక్కన, చెమటకు తడిసిన చొక్కాతో, నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి చూస్తే, భుజం తట్టి "పోన్లేరా, పెళ్లయింది కదా" అనాలనిపిస్తుంది.